ఇటీవల మేము చదివిన నవలలు

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



ఈ యేటి ఉత్సవమున తెలుగు పుస్తకములను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని సంఘమువారు మమ్ము కోరినారు. మేము పండితులము కాము, విమర్శకులమును కాము. అలంకారశాస్త్రమును గురువుల యొద్ద అభ్యసించిన వారమును కాము. దినమంతయు జీవనోపాధికై తిరిగి, రాత్రి భోజనానంతరము ఒక గంటయు, తిరువళ్లూరు నుండి చెన్నపట్టణము పోవు లోకల్ రైలులో కూర్చుండుటకు చోటు దొరకిన నాడు మఱియొక గంటయు పుస్తకము పట్టువారము. అట్టి సామాన్య పాఠకుడు, తాను ఇటీవల చదివిన నవలలను గూర్చి తనవంటి సామాన్యులతో చెప్పుకొను మాటలుగా దీనిని స్వీకరింప ప్రార్థన.

నవలను తూచుటకు మా యొద్దనున్న తూనికరాళ్లు నాలుగే. మొదటిది, పుస్తకము పుటలను తానే త్రిప్పించవలెను. రెండవది, అందలి మనుష్యులు మన వీధిలో ఎదురుపడినచో గుర్తుపట్టదగినవారై యుండవలెను. మూడవది, అందలి మాట నోటితో పలికినప్పుడు బ్రతికియున్న మాటగా వినిపింపవలెను. నాలుగవది, దానిని మా బిడ్డల చేతికి ఇయ్యవచ్చునా, ఇచ్చినచో ఏ వయస్సున ఇయ్యవలెను అను ప్రశ్న. ఈ నాలుగవ రాయి తల్లిదండ్రుల రాయి. సాహిత్య విమర్శకులు దానిని వాడరు. మనము వాడక తప్పదు.

మన ప్రాంతమునకు తెలుగు నవల క్రొత్త చుట్టము కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము 1878లో పత్రికలో ప్రకటింప నారంభమై 1880లో పుస్తకమైనది. ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి 1922లో వెలువడి నాటి మదరాసు ప్రభుత్వముచే నిషేధింపబడినది. ఆంధ్రపత్రిక 1914 నుండి చెన్నపట్టణమున దినపత్రికగా నడచినది. భారతి 1924లోను, ఆంధ్రప్రభ 1938లోను, చందమామ 1947లోను అక్కడనే పుట్టినవి. మన తాతల కాలమున తెలుగు పుస్తకమునకు పట్టణమన్న చెన్నపట్టణమే. ఆ పిమ్మట రాష్ట్రములు వేరుపడినవి. పత్రికలును, ముద్రణాలయములును క్రమముగా విజయవాడకును, హైదరాబాదునకును తరలినవి. 1960 ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దు సవరణ జరిగి తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరినది, సత్యవేడు ఆంధ్రప్రదేశమున చేరినది. గీత జరిగినది గాని గీతకు ఇరువైపుల ఇండ్లలోని మాట జరుగలేదు. అయినను పుస్తకము మాత్రము మనకు దూరమైనది. నేడు తెలుగు నవల కావలసినచో తపాలాలో తెప్పించుకొనవలెను, లేదా తిరుపతికి పోయినప్పుడు కొనుక్కొని రావలెను. మేము చెప్పబోవు పుస్తకములు అట్లు చేరినవే.

మొదట చెప్పదగినది కొండపొలము. రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారు, కడప సీమవారు, ఉపాధ్యాయవృత్తి చేపట్టినవారు. ఉత్తర అమెరికా తెలుగు సంఘమైన తానావారి నవలల పోటీలో 2019లో దీనికి బహుమతి వచ్చినది. 2021లో చలనచిత్రముగను వచ్చినది గావున మీలో కొందఱు కథ ఎఱుగుదురు. వానలు లేక, ఊర మేత లేక, త్రాగ నీరు లేక గొఱ్ఱెల కాపరులు మందలను నల్లమల అడవికి తోలుకొనిపోయి దినముల తరబడి అక్కడ మేపుకొని వచ్చుటకు కొండపొలము అని పేరు. ఇంజనీరింగు చదివియు ఉద్యోగము దొరకక ఇల్లు చేరిన ఒక గొల్లవారి బిడ్డ తండ్రితో కూడ అడవికి పోవును. పోవునప్పుడు వాడు నలుగురిలో నోరు విప్ప జంకువాడు. అడవిలో దారి తెలియవలెను, నీటి జాడ తెలియవలెను, పులి భయమున రాత్రులు మేలుకొని యుండవలెను. ఈ విద్య వాని కళాశాలలో లేదు. వాని తండ్రి యొద్ద ఉన్నది. తండ్రిని చదువురానివానిగా చూచిన కొడుకు, ఆ తండ్రినే గురువుగా చూచుట ఈ నవలలోని అసలు కథయని మా అభిప్రాయము.

ఇందు గొఱ్ఱెల రోగములు, మేత మ్రాకులు, కాపరుల వంట, వారి నమ్మికలు, వారి సరసములు రచయిత స్వయముగా చూచిన వానివలె ఎదుట నిలుపుటచే పుట త్రిప్పించు గుణము పుష్కలముగా నున్నది. లోపము చెప్పవలెనన్న, ముగింపు మాకు కొంత సుళువుగా తోచినది. అడవి నేర్పిన ధైర్యముతో ఆ బిడ్డ తుదకు అటవీశాఖలో పెద్ద ఉద్యోగి యగును. సంతోషమే. కాని అడవికి పోయి వచ్చిన కాపరుల బిడ్డలందఱును ఉద్యోగులు కారు. కాని వారి ధైర్యము వ్యర్థమా? ఆ ప్రశ్నను నవల అడుగక విడిచినది. అయినను తొమ్మిది, పది తరగతుల పిల్లలకు మొట్టమొదట ఇయ్యదగిన నవల ఏదన్న, మేము దీనినే చూపుదుము. ఇంజనీరింగు తప్ప వేఱు దారి లేదని బిడ్డలను తఱుము తండ్రులు తామును చదువదగినది.

రెండవది, మన ఇరుగుపొరుగు సీమయైన చిత్తూరు జిల్లా రచయిత డాక్టరు కేశవరెడ్డిగారి మునెమ్మ. వీరు వృత్తిచేత చర్మవైద్యులు, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లి కుష్ఠురోగుల ఆసుపత్రిలో పెక్కేండ్లు సేవచేసినవారు, 2015లో స్వర్గస్థులైరి. వీరి అతడు అడవిని జయించాడు అను నవలను మేము మునుపే చదివియుంటిమి. తప్పిపోయిన చూలు పందిని వెదకుచు ఒక ముసలివాడు ఒంటరిగా అడవిలో ఒక రాత్రి గడపుట తప్ప అందు వేఱు కథ లేదు. అంత చిన్న కథతో అంత పెద్ద భయమును, అంత పెద్ద జాలిని కలిగించుట సామాన్యులకు సాధ్యము కాదు. మునెమ్మ దానికంటె చిక్కనిది. భార్య ముద్దుగా సాకిన గిత్తను అనుమానమున హింసించి, దానిని అమ్ముటకై పోయిన భర్త తిరిగి రాడు. ఏమైనాడో తెలిసికొనుటకు మునెమ్మ మఱదిని వెంటబెట్టుకొని బయలుదేరును. చదువులేని పల్లెపడుచు పోలీసుల నాశ్రయింపక, పెద్దల నాశ్రయింపక, తన తెలివియే తనకు దీపముగా నడచును.

ఇది పిల్లల పుస్తకము కాదు. ఇందలి కోపము, పగ, స్త్రీపురుషుల నడుమ అనుమానము ఎదిగినవారు చదివి ఆలోచింపదగినవి. స్వప్నములు, శకునములు కథను నడపుట కొందఱికి రుచింపకపోవచ్చును. మాకును మొదట కొంత వింతగ తోచినది. కాని మన అవ్వలు కథ చెప్పిన తీరు అదియే కదా! కల వచ్చినది, గౌళి పలికినది, అందుచేత ఇట్లు చేసితిమి అని చెప్పని అవ్వ మన ఇండ్లలో ఉండినదా? కేశవరెడ్డిగారు ఆ అవ్వ నోటినుండి కథను తీసికొని నవలగా కూర్చినారు.

మూడవది శప్తభూమి. రచయిత బండి నారాయణస్వామిగారు, అనంతపురము వారు. దీనికి 2017లో తానా బహుమతియు, 2019లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారమును లభించినవి. విజయనగర సామ్రాజ్యము పోయిన పిమ్మట, 18వ శతాబ్దమున హండే ప్రభువులు ఏలిన అనంతపుర సీమయందలి జీవితము దీనికి వస్తువు. చారిత్రక నవలయన్న మనకు రాజులు, రాణులు, కత్తులు, గుఱ్ఱములు గుర్తుకు వచ్చును. ఇందును అవి కలవు. కాని రచయిత చూపు కోటలోనికంటె కోట వెలుపలి పేటల మీదనే ఎక్కువగా నిలిచినది. కరవు వచ్చినప్పుడు ఎవరి గంజి మొదట కరగిపోవును, బసివిగా విడువబడిన ఆడుబిడ్డ గతి యేమి, తక్కువ కులమున పుట్టినవాడు ఎంత వీరుడైనను ఎంతవరకు ఎదుగనిత్తురు అను ప్రశ్నలు ఇందు పుట పుటకును ఎదురగును.

ఇది నిదానముగా చదువవలసిన పుస్తకము. పాత్రలు అనేకములు, ఒక సంతలో నిలువబడినట్లుండును. ఎవరు ఎవరికి ఏమగుదురో మఱచి మేము పలుమాఱులు వెనుకకు పోవలసి వచ్చినది. ఒక కాగితముమీద పాత్రల పేర్లు వ్రాసికొని చదివినచో సుఖముగా నుండును. మన పిల్లలకు పాఠ్యపుస్తకమున విజయనగర చరిత్ర తళ్లికోట యుద్ధముతో, 1565వ సంవత్సరముతో ముగియును. ఆ పిమ్మట ఆ నేలమీది జనులు ఏమైరి అను మాట ఈ నవల చెప్పును. తెలుగు కుటుంబములు కొన్ని ఈ దక్షిణ సీమలకు వలస వచ్చినదియు ఆ పాత శతాబ్దములలోనే. కావున ఇది ఒక విధముగా మన పూర్వుల వెనుకటి ఊరి కథ.

నాలుగవది మనోధర్మపరాగము. రచయిత మధురాంతకము నరేంద్రగారు. తిరుపతి విశ్వవిద్యాలయమున ఆంగ్లాచార్యులుగా నుండినవారు. చిత్తూరు జిల్లా కథకులలో పెద్దలైన కీర్తిశేషులు మధురాంతకము రాజారాముగారి కుమారులు. తండ్రికి 1993లో కథలకును, కుమారునికి 2022లో ఈ నవలకును సాహిత్య అకాడమి పురస్కారములు వచ్చుట తెలుగువారికి గర్వకారణము. దేవదాసీ కుటుంబముల స్త్రీలు, వారి సంగీతము, 20వ శతాబ్దమున వారి జీవితములు తలక్రిందులైన విధము ఇందలి కథ. 1947లో మదరాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణ నిషేధ చట్టము వచ్చినది. ఆ చట్టము న్యాయమైనది. దానికై డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు ఎన్నో యేండ్లు పాటుపడిరి. కాని ఒక దురాచారము పోవునప్పుడు దానితో ముడిపడియున్న కళ ఎవరి చేతికి పోయినది, ఆ కళను తరతరములుగా కాపాడిన స్త్రీలకు ఏమి మిగిలినది అను ప్రశ్నను చట్టము అడుగదు. నవల అడిగినది.

తమిళదేశమున నివసించు మనకు ఈ పుస్తకమున ప్రత్యేకమైన ఆసక్తి కలుగును. తిరువైయారున తమిళులు త్యాగరాజస్వామివారి తెలుగు కీర్తనలను పాడుట మనము ఏటేట వినుచున్నాము. ఆ స్వామివారి సమాధికి ఆలయము కట్టించినది దేవదాసీ వంశమున పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మగారు. 1943లో తమిళ ఇసై సంఘము పుట్టి, తమిళ పాటకు కచేరీలో తగిన స్థానము కావలెనని కోరినది. అదియు న్యాయమైన కోరికయే. ఇట్లు పాట, భాష, కులము, గౌరవము ఒకదానితో నొకటి పెనవేసికొన్న చోటును ఈ నవల తాకినది. సంగీతపు పారిభాషిక పదములు కొన్ని తావుల పాఠకుని నిలిపివేయును. రాగముల పేర్లు తెలియనివారు ఆ పుటలను కొంచెము వేగముగా దాటిపోవచ్చును, కథ చెడదు. కళాశాల చదువుచున్న ఆడుబిడ్డలకు ఇయ్యదగిన పుస్తకము.

ఐదవది తెలుగు నవల కాదు, తమిళ నవల. అయినను దానిని విడచుటకు మనసొప్పలేదు. కోవిలుపట్టి చేరువనున్న ఇడైసెవల్ గ్రామమున పుట్టి, 2021లో పుదుచ్చేరిలో కాలధర్మము నొందిన కి. రాజనారాయణనుగారి గోపల్ల గ్రామము. ఇది 1976లో వెలువడినది. దీని తరువాతి భాగమైన గోపల్లపురత్తు మక్కళ్ అను నవలకు 1991లో సాహిత్య అకాడమి పురస్కారము వచ్చినది. రాజనారాయణనుగారి ఇంటిభాష తెలుగు; వ్రాత తమిళము. ఉత్తరమునుండి ప్రాణభయమున పాఱిపోయి వచ్చిన తెలుగు కుటుంబములు నల్లరేగడి నేలలో అడవి కొట్టి, ఊరు కట్టి, తమిళుల నడుమ తమిళులతో కలసి బ్రతికిన విధమును ఒక పండు ముసలమ్మ నోట ఆయన చెప్పించినారు. ఇందు వలస వచ్చినవారి దుఃఖము కలదు గాని ఏడుపు లేదు. ఇరుగుపొరుగువారియందు ద్వేషము లేదు. మా చదువులో ఇంతటి నిండు హాయిని కలిగించిన నవలలు కొన్నియే.

కాని పుస్తకము మూసిన పిమ్మట ఒక ఆలోచన మమ్ము విడువలేదు. దక్షిణ తమిళదేశపు తెలుగువారి వలస కథను ఇంత గొప్పగా చెప్పిన పుస్తకము తమిళమున పుట్టినది. అది తమిళమునకు లాభము. ఆ మహారచయిత తన భాషను తానెన్నుకొన్నాడు. అందులకు మనము సంతోషింపవలెను. అయినను తెలుగు ఇంట పుట్టిన కథకు తెలుగున వ్రాయు చేయి మన నడుమ ఏల లేకపోయినది? మాటాడు నోరు ఉండినది, వ్రాయు చేయి లేదు. చేయి లేకపోవుటకు కారణము, అక్షరము ఆ ఇంట ఒక తరమునకు ముందే ఆగిపోవుట. మనలో ఎందఱి ఇండ్లలో నేడు ఆ స్థితి ఉన్నదో ఎవరికి వారే ఆలోచించుకొనవలెను. అవ్వ తెలుగున పిలుచును. మనుమడు తెలుగున బదులు చెప్పును. కాని అవ్వ పేరు తెలుగున వ్రాయుమన్నచో వాడు తలవంచుకొనును.

ఇక ఈ నవలలను కలిపి చూచినప్పుడు మాకు తోచిన విషయములు చెప్పి ముగించెదము.

మొదటిది భాష. మన పిల్లలను ఆంధ్రదేశపు చుట్టములు చూచి, "మీది అరవ తెలుగు" అని నవ్వుట మీరందఱును విన్నదే. పిల్లవాడు ఇంట "ఆడ ఉండాది" అనును. పుస్తకమున "అక్కడ ఉన్నది" అని యుండును. తాను మాటాడునది తెలుగే కాదేమో అని వాడు సిగ్గుపడి, మెల్లగా ఆ మాటనే మానివేయును. అట్టి బిడ్డకు కేశవరెడ్డిగారి మఱియొక నవల పేరు చూపవలెను: రాముడుండాడు రాజ్జెముండాది. ఆ "ఉండాది" మన ఇంటి "ఉండాది"యే. పెద్ద రచయితలు ఆ మాటను పుస్తకపు అట్టమీదికి ఎక్కించినారు. కొండపొలమున కడప మాట, శప్తభూమిలో అనంతపురపు మాట తలయెత్తుకొని తిరుగుచున్నవి. పాఠ్యపుస్తకపు తెలుగు నేర్వవలసినదే. పరీక్షకు అది కావలెను, పదిమందిలో అది కావలెను. కాని ఇంటి మాట దానికి అక్కయే గాని దాసి కాదు. ఈ ధైర్యమును బిడ్డకు ఇచ్చుటకు ఉపాధ్యాయుని ఉపన్యాసముకంటె ఒక నవల ఎక్కువ పనిచేయును.

రెండవది, ఈ నవలలలో పెక్కింటికి కరవుసీమయే పుట్టినిల్లు. కడప, అనంతపురము, చిత్తూరు. పంట పండిన నేలలో కథ లేదని కాదు. నీరు లేని చోట మనిషి మనిషిని, పశువును, దేవుని ఎట్లు పట్టుకొని వ్రేలాడునో అక్కడ స్పష్టముగా కనబడును. పూండి వారమైన మనకు ఇది తెలియని సంగతి కాదు. కొసస్థలి నదిపై 1944లో కట్టిన సత్యమూర్తి సాగరము నిండినదా ఎండినదా అని చెన్నపట్టణమంతయు మన ఊరి వైపు చూచును గదా!

మూడవది, శప్తభూమికిని, కొండపొలమునకును బహుమతి నిచ్చినవారు సముద్రము లావల నున్న తెలుగువారు. తానావారి నవలల పోటీ 1997లో మొదలైనది. ఆ యేడు చంద్రలతగారి రేగడి విత్తులు బహుమతి పొందినది. వారి బిడ్డలకును మన బిడ్డల కష్టమే: ఇంటి భాష ఒకటి, బడి భాష మఱియొకటి. వేల మైళ్ల దూరమున నున్నవారు తెలుగు నవలకై సొమ్ము వెచ్చించుచుండగా, ఊతుకోట దాటినంతనే తెలుగుదేశము కనబడు చోట నున్న మనము ఏడాదికి ఒక పుస్తకము కొనలేమా?

కొందఱు తల్లిదండ్రులు మమ్ము సూటిగా అడిగినారు: "నవలలు చదివితే మార్కులు వస్తాయా?" మంచి ప్రశ్న. దానికి దాటవేత లేని సమాధానము చెప్పవలెను. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము ననుసరించి 2006-07లో ఒకటవ తరగతి నుండి మొదలై, ఏటికొక తరగతి చొప్పున పెరిగి, 2015-16 నాటికి పదవ తరగతి వరకు తమిళము నిర్బంధ పాఠ్యమైనది. ఆ పదవ తరగతి పరీక్షను గూర్చి అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానములకు ఎక్కవలసి వచ్చిన సంగతి మీరెఱుగుదురు. తమిళము మనము నివసించు నేల భాష. మనకు అన్నము పెట్టు భాష. దానిని మన బిడ్డలు చక్కగా నేర్వవలెను. ఆ విషయమున మాకు వేఱు అభిప్రాయము లేదు. కాని తమిళము, ఆంగ్లము, గణితము, విజ్ఞానము నడుమ తెలుగునకు మిగులు గంటలు పరిమితములు. ఆ గంటలలో ఉపాధ్యాయుడు అక్షరము నేర్పగలడు, పద్యము చెప్పగలడు, పరీక్షకు సిద్ధపఱచగలడు. చదువుటయందలి రుచిని మాత్రము ఇల్లే కలిగింపవలెను. రుచి కలిగిన బిడ్డకు మార్కులు తామై వచ్చును. రుచి లేని బిడ్డ పరీక్ష ముగిసిన నాడే తెలుగు పుస్తకమును పాత కాగితముల వానికి అమ్మివేయును.

మన రాజ్యాంగమున 29, 30 అధికరణములు అల్పసంఖ్యాకులకు తమ భాషను కాపాడుకొను హక్కును, పాఠశాలలు నడుపుకొను హక్కును ఇచ్చినవి. 1956లో చేరిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు వసతులు కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఇవి గొప్ప హక్కులు. కాని ఏ అధికరణమును రాత్రి భోజనానంతరము మన ఇంటికి వచ్చి పుస్తకము తెఱువదు. ఆ పని మనదే.

ఇందుకు మన కన్నుల యెదుటనే ఒక ఉదాహరణము కలదు. 1983లో రెండు రాష్ట్రముల నడుమ ఒడంబడిక జరిగి, తెలుగుగంగ కాలువ త్రవ్వబడి, కృష్ణనీరు 1996లో మొదటిసారి పూండి చేరినది. కండలేరు నుండి సరిహద్దు వరకు 152 కిలోమీటర్లు అది ప్రయాణము చేయవలెను. తొలి యేండ్లలో విడిచిన నీటిలో చాల భాగము దారిలోనే ఇంకిపోయినది. కాలువ గట్లను, అడుగును బాగుచేసి గట్టిపఱచిన పిమ్మటనే నీరు తగినంతగా రాసాగినది. ఒడంబడిక ఒక్కటియే నీరు తేలేదు. కాలువ బాగుగా నుండవలెను. తాత నుండి తండ్రికి, తండ్రి నుండి బిడ్డకు వచ్చు భాషయు నట్టిదే. ప్రతి తరమునందును కొంత ఇంకిపోవుచున్నది. ఇంట చదువుట యనునది ఆ కాలువకు కట్టు రాతికట్టడము.

కావున మేము కొన్ని చిన్న సూచనలు మాత్రము చేయుచున్నాము. మొదటిది, వారమునకు మూడు రాత్రులు, ఇరువది నిమిషములు, ఇంట ఒకరు తెలుగు నవలను పైకి చదువవలెను; తక్కినవారు వినవలెను. తల్లికి చదువ రాకున్న బిడ్డ చదువవలెను, తల్లి వినవలెను. బిడ్డకు తెలియని పల్లె మాటను తల్లి చెప్పవలెను. ఇందు ఇద్దఱును గురువులే. కొండపొలముతో మొదలిడుట మేలు. రెండవది, ఒక్కొక్క కుటుంబము ఏడాదికి ఒక నవల కొని, చదివిన పిమ్మట పాఠశాల గ్రంథాలయమునకు ఇచ్చినచో, పది కుటుంబములకు పది పుస్తకములు చేకూరును; ఎవరికిని భారము కాదు. మూడవది, బిడ్డలు తమ అవ్వతాతల నోట విన్న కథలను, సామెతలను, వంటల పేర్లను, పొలము పనుల మాటలను ఒక నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. వానిలో మంచివానిని ఈ వార్షిక సంచికలో ప్రకటింపుడని సంఘమువారిని మేము కోరుచున్నాము.

ఈ మూడవ సూచనకు మార్గము చూపిన పుస్తకము మన జిల్లా అంచుననే పుట్టినది. పళవేర్కాటి సరస్సునకు తెలుగున ప్రళయకావేరి యని పాత పేరు. ఆ సరస్సు చుట్టునున్న దీవుల, పల్లెల జీవితమును ఆ పల్లెల తెలుగుననే స. వెం. రమేశుగారు ప్రళయకావేరి కథలు అను పుస్తకముగా వ్రాసినారు. అది నవల కాదు, కథల గుత్తి. కాని అవ్వతాతల మాటను కాగితముపై పెట్టినచో ఎంత అందముగ నుండునో దానిని చదివినచో తెలియును. పూండికి అట్టి పుస్తకము ఇంకను రావలసియున్నది. మన చేరువనున్న అత్తిరంపాక్కమున రాబర్టు బ్రూసు ఫూటు 1863లో ఆదిమానవుని రాతి పనిముట్లను కనుగొన్నాడు. అక్కడి పనిముట్లు కొన్ని 15 లక్షల యేండ్ల నాటివని శాస్త్రజ్ఞులు 2011లో తేల్చినారు. అంత పురాతనమైన నేలమీద, నది ఒడ్డున, చెఱువు కట్టలమీద, రెండు భాషల నడుమ బ్రతికిన మన తాతముత్తాతల కథ తెలుగున వ్రాయువారు ఎవరు? అట్టివారు హైదరాబాదు నుండి రారు. ఈ బడి బల్లలమీద కూర్చున్నవారిలోనుండియే రావలెను.

ఆ బిడ్డ ఎవరో నేడు మనకు తెలియదు. వాని యింట, దాని యింట ఒక తెలుగు నవల తెఱచియుండునట్లు చూచుట మాత్రము మన చేతిలోని పని.